దసరా సెలవుల్లో ఫుకెట్: సరుకులు, తిరుగుడు ఖర్చు ఎట్లా తగ్గించుకోవాలి?

తంగేడు_పువ్వు

అందరికీ నమస్తే. దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఫుకెట్ పోదామనుకుంటున్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ, మొత్తం ఐదుగురం, ఓ వారం. శంషాబాద్ నుంచి ఫ్లైట్ టికెట్లు బుక్ చేసేసినం, రూమ్ ఇంకా బుక్ చేయలేదు. ఫ్లైట్‌కి, రూమ్‌కి ఎంతవుతుందో ముందే తెలుస్తుంది కాబట్టి దానికి పైసలు పక్కన పెట్టుకున్నాం, నా భయమంతా అక్కడ దిగినాక రోజూ అయ్యే ఖర్చు గురించే. మా ఆఫీసులో ఒకావిడ పోయినేడు పోయొచ్చింది, తిండికి టాక్సీలకే రూమ్ కన్నా ఎక్కువ పోయిందని చెప్పింది, అది విన్నప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది.

మా ఇంటి సంగతి చెప్తా. అత్తమ్మ మామూలుగానే ప్యూర్ వెజ్, నవరాత్రుల్లో అయితే ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు. చిన్నోడికి పెరుగన్నం లేకపోతే పూట గడవదు. మా ఆయన, పెద్దమ్మాయి ఏదైనా తింటారు. మూడు పూటలా ఇండియన్ హోటల్లో తినే బడ్జెట్ మాకు లేదు. అందుకే కిచెన్ ఉన్న రూమ్ తీసుకుని వండుకుందామా అని ఆలోచన, కానీ అక్కడ సరుకులు ఎక్కడ కొనాలి, ఏవి ఇక్కణ్ణుంచి మోసుకుపోవాలి తెలియట్లేదు. రెండోది తిరగడం. బీచ్‌కి దూరంగా కొండ మీద మంచి రూములు కనపడుతున్నాయి, బీచ్ పక్కన వాటితో చూస్తే సగం ధరే. అవి తీసుకుని టాక్సీలో వచ్చిపోతే కలిసొస్తుందా? సద్దుల బతుకమ్మ నాటికి ఇంట్లో ఉండాలని అత్తమ్మ గట్టిగా చెప్పింది, కాబట్టి డేట్లు మార్చలేం. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి ప్లీజ్.

నిజాంపేట్_నాన్న

అమ్మా, ముందు రూమ్ సంగతి తేల్చండి, మీరడిగిన రెండిటికీ జవాబు అక్కడే ఉంది. ఆ కొండ మీది సగం ధర రూమ్ తీసుకోకండి.

ఎందుకో చెప్తాను. ఫుకెట్ చిన్న దీవి అనుకుంటాం గానీ పొడవు యాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఎయిర్‌పోర్ట్ ఉత్తరం కొసన, మనం వెళ్ళే పటాంగ్, కరోన్, కటా బీచ్‌లు పడమటి పక్క కిందకి. ఎయిర్‌పోర్ట్ నుంచి కటా దాకా అంటే మీరు కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ వెళ్ళినంత దూరం ఉంటుంది. ఒక్కో బీచ్‌కీ మధ్యలో గుట్టలు అడ్డం, రోడ్డు ఎక్కి దిగాలి. అక్కడ టుక్‌టుక్ అంటే మన ఆటో కాదు, నాలుగు చక్రాల చిన్న వ్యాన్, మీటర్ ఉండదు, రెండు కిలోమీటర్లకి కూడా రెండు మూడొందల బాత్ అడుగుతారు. బాత్‌ని రెండున్నర, మూడు రూపాయల మధ్య లెక్కేసుకోండి. ఇప్పుడు మీరు పొద్దున బీచ్‌కి దిగాలి, మధ్యాహ్నం అత్తగారు, చిన్నోడు పడుకోడానికి రూమ్‌కి రావాలి, సాయంత్రం మళ్ళీ దిగాలి, రాత్రి ఎక్కాలి. రోజుకి నాలుగు ట్రిప్పులు. యాప్‌లో బండి పిలిచినా ట్రిప్పుకి నూటయాభై వేసుకోండి, రోజుకి ఆరొందలు, వారానికి నాలుగు వేల బాత్ దాటుతుంది. అంటే పది పన్నెండు వేల రూపాయలు కొండ ఎక్కి దిగడానికే పోతాయి. రూమ్ మీద మిగిలిందనుకున్నదంతా డ్రైవర్‌కి ఇచ్చినట్టే, పైగా అలసట అదనం.

అందుకని రూమ్ చూసేటప్పుడు మ్యాప్ తెరిచి మూడు దూరాలు చూడండి, బీచ్ ఎంత దూరం, సూపర్ మార్కెట్ ఎంత దూరం, స్మార్ట్ బస్ (ఎయిర్‌పోర్ట్ నుంచి బీచ్‌ల మీదుగా తిరిగే బస్సు) ఆగే రోడ్డు ఎంత దూరం. ఈ మూడూ అత్తగారు నడవగలిగినంతలో ఉంటే రేటు కొంచెం ఎక్కువైనా అదే చవక. అక్టోబర్ అక్కడ వానాకాలం చివర, సీజన్ కాదు కాబట్టి బీచ్ పక్కన రూములు కూడా డిసెంబర్‌తో చూస్తే బాగా తగ్గే ఉంటాయి, అక్కడ పిసినారితనం చూపకండి.

వండుకోవాలని గట్టిగా ఉంటే పటాంగ్ చూడండి. జంగ్‌సీలాన్ మాల్‌లో బిగ్ సీ అనే పెద్ద సూపర్ మార్కెట్ ఉంది, దాని వెనకే బన్‌జాన్ మార్కెట్, కూరగాయలూ పళ్ళూ అన్నీ అక్కడే. బంగ్లా రోడ్డు దగ్గర మాత్రం వద్దు, అర్ధరాత్రి దాటినా మోత ఆగదు, నాలుగు సందులు ఇవతలికి వస్తే ప్రశాంతంగానే ఉంటుంది. కటా, కరోన్ పిల్లలకీ పెద్దవాళ్ళకీ ఇంకా హాయి, కాకపోతే అక్కడ సరుకులంటే ఎక్కువగా సెవెన్ ఇలెవన్, చిన్న మినీ మార్ట్‌లే.

ఇంకోటి, కిచెన్ కోసమని ఎవరిదో కాండో ఫ్లాట్ యాప్‌లో బుక్ చేయకండి. థాయ్‌లాండ్‌లో హోటల్ లైసెన్స్ లేకుండా ముప్ఫై రోజుల లోపు అద్దెకివ్వడం చట్టప్రకారం కుదరదు, బిల్డింగ్ వాళ్ళు గొడవ చేస్తే సామానుతో రోడ్డు మీద నిలబడేది మనమే. లైసెన్స్ ఉన్న సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ లేదా కిచెనెట్ ఉన్న హోటల్ చూడండి. ఫోటోలో పొయ్యి కనపడుతుందో లేదో చూసుకోండి, చాలాచోట్ల కిచెనెట్ అని రాసి కెటిల్, మైక్రోవేవ్ మాత్రమే పెడతారు.

ఎయిర్‌పోర్ట్ నుంచి రావడానికి పగలు దిగితే స్మార్ట్ బస్ ఉంది, మనిషికి వంద బాత్ దగ్గర, సూరిన్, కమలా, పటాంగ్, కరోన్, కటా మీదుగా రవాయ్ దాకా వెళ్తుంది. ఇంచుమించు గంటకొకటి. మినీ వ్యాన్‌లు మనిషికి రెండొందల దాకా తీసుకుంటాయి, దారిలో ట్రావెల్ ఆఫీసు దగ్గర ఆపి టూర్లు అంటగట్టే ప్రయత్నం చేస్తాయి. ఒకళ్ళిద్దరికైతే వ్యాన్ చవక, ఐదుగురికి వ్యానంటే వెయ్యి బాత్, ఆ డబ్బుకి మీ అందరికీ కలిపి యాప్‌లో పెద్ద కారే వచ్చే అవకాశం ఉంది. మనిషికింత అని చెప్పే ఏ రేటునైనా ఐదుతో గుణించి చూసుకోండి, అక్కడే ఫ్యామిలీలు దెబ్బతింటాయి.

పచ్చళ్ళ_డబ్బా

సరుకుల సంగతి నేను చెప్తానండి, మాది కూడా ఇంచుమించు మీలాంటి ఇల్లే, మా అమ్మగారికి బయట తిండి పడదు.

బియ్యం అస్సలు మోయకండి. అక్కడ జాస్మిన్ రైస్ కిలో ప్యాకెట్ దొరుకుతుంది, మన సోనా మసూరి కన్నా మెత్తగా, కొంచెం జిగటగా అవుతుంది, నీళ్ళు తగ్గించి పోస్తే సరిపోతుంది, పెరుగన్నానికైతే అదే బావుంటుంది నిజానికి. కూరగాయలు కూడా మనవే కనపడతాయి, బెండకాయ, వంకాయ, బీరకాయ, పొడుగు అలసంద కాయలు, టమాటా, కీరా, పచ్చిమిర్చి, కొత్తిమీర. పచ్చి కొబ్బరి అప్పటికప్పుడు కోరి ఇస్తారు మార్కెట్లో. పప్పుల్లో పొట్టు తీసిన పెసరపప్పు సూపర్ మార్కెట్‌లో ఉంటుంది, వాళ్ళు స్వీట్లలో వాడతారు. కందిపప్పు మాత్రం అంత తేలిగ్గా దొరకదు, కావాలంటే అరకిలో ఇక్కణ్ణుంచి పెట్టుకోండి.

మోసుకెళ్ళాల్సినవి ఏంటంటే పోపు డబ్బా సామాను (ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ చిన్న డబ్బాల్లో), పసుపు, కారం, చింతపండు పులిహోర పేస్ట్ ఇంట్లో చేసుకున్నది, వెల్లుల్లి వేయని కందిపొడి, మాగాయ. నవరాత్రులు కాబట్టి అత్తగారికి పులిహోర, కొబ్బరన్నం, దద్దోజనం, పెసరపప్పు ఇవి తిప్పి తిప్పి చేస్తే వారం ఇట్టే గడుస్తుంది, ఆవిడకి తృప్తిగానూ ఉంటుంది, అన్నీ నైవేద్యం వంటలే కదా. పచ్చడి, నెయ్యి చెకిన్ బ్యాగులో పెట్టండి, చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీలో తీసేస్తారు. ఎండు కొబ్బరి మాత్రం చెకిన్‌లో పెట్టకండి, నూనె ఉంటుందని ఒప్పుకోరు. పచ్చి కరివేపాకు, పళ్ళు, కూరగాయలు అసలు తీసుకెళ్ళకండి, థాయ్‌లాండ్‌లో మొక్కలకి సంబంధించిన పచ్చి సరుకు మీద కట్టుబాట్లున్నాయి. కరివేపాకు కావాలంటే పోపులో ముందే వేయించి పొడిలో కలిపేయండి.

ఇక పెరుగు. ఇది జాగ్రత్తగా చదవండి, మీ చిన్నోడి కోసం. సెవెన్ ఇలెవన్‌లో కనపడే కప్పుల్లో చాలా వరకు తీపి పెరుగే, పండు ముక్కలు కలిపినది, చూడ్డానికి తెల్లగా మామూలుగా ఉన్నా పంచదార ఉంటుంది. అన్నంలో కలిపితే పిల్లాడు నోట్లో పెట్టడు. బిగ్ సీ, లోటస్ లాంటి పెద్ద షాపుల్లో పంచదార లేని ప్లెయిన్ పెరుగు డబ్బా ఉంటుంది, వెనక షుగర్ ఎంతుందో చూసి కొనండి. అది ఒక్కటి కొంటే చాలు. మెయ్‌జీ పాలు పెద్ద సీసా తెచ్చుకుని, గోరువెచ్చగా చేసి, ఆ పెరుగు ఒక చెంచా తోడు పెట్టి రాత్రి వదిలేస్తే అక్కడి ఉక్కకి పొద్దున్నకి గడ్డ పెరుగు తయారు. డబ్బాలు కొనే ఖర్చు మిగులుతుంది, రుచీ మన ఇంటిదే.

నీళ్ళు! కొళాయి నీళ్ళు తాగకండి. ఐదుగురికి రోజూ చిన్న సీసాలు కొంటే తెలియకుండానే డబ్బు పోతుంది. సందుల్లో, అపార్ట్‌మెంట్ల కింద నీళ్ళ మిషన్లు ఉంటాయి, లీటరు ఒక బాత్ అంతే, నాణెం వేసి మన సీసా పట్టుకోవడమే. మిషన్ దొరకకపోతే ఐదారు లీటర్ల క్యాన్ కొనండి. స్టీల్ బాటిళ్ళు ఇంటి నుంచి తీసుకెళ్ళండి, ఎండలో బీచ్‌లో చల్లగా ఉంటాయి కూడా.

మామిడి, డ్రాగన్ ఫ్రూట్, అరటి, బొప్పాయి రూమ్‌కి తెచ్చుకుని కోసుకోండి, కోసి కవర్లో పెట్టినవి రెట్టింపు పడతాయి. దురియన్ మాత్రం రూమ్‌లోకి తేకండి, వాసనకి హోటల్ వాళ్ళు ఫైన్ వేస్తారు. రాత్రి షాపు మూసే ముందు వెళ్తే వండిన పదార్థాలు, బ్రెడ్ మీద తగ్గింపు స్టిక్కర్లు అంటిస్తారు, మీ ఆయనకి, పెద్దమ్మాయికి డిన్నర్ అలా లాగించవచ్చు.

సన్‌స్క్రీన్, స్విమ్ డ్రెస్సులు, పిల్లల ఇసుక బొమ్మలు ఇక్కడే కొనుక్కోండి, అక్కడ బీచ్ పక్కన షాపుల్లో రేట్లు ఎక్కువ. సన్‌స్క్రీన్ కొనేటప్పుడు ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ లేనిది చూడండి. పగడపు దిబ్బలు పాడవుతున్నాయని 2021 నుంచి అక్కడి నేషనల్ పార్కుల్లో అవి ఉన్న క్రీములు నిషేధం. ఫీఫీ లాంటి దీవులకి వెళ్తే ఇది వర్తిస్తుంది.

తంగేడు_పువ్వు

అబ్బ, ఎంత వివరంగా చెప్పారండి, పెరుగు సంగతి నాకు అసలు తట్టేదే కాదు. చాలా థ్యాంక్స్ ఇద్దరికీ. మా ఆయన ఇది చదివి, కొండ రూమ్ సరే వద్దు, స్కూటర్ రెంట్‌కి తీసుకుందాం, రోజుకి రెండు మూడొందల బాత్‌కి దొరుకుతుందట, ఇద్దరం రెండు బండ్లు నడిపితే ఐదుగురం సర్దుకుంటాం, టాక్సీ గొడవే ఉండదు అంటున్నారు. నాకు కూడా యాక్టివా బాగానే వచ్చు. ఏమంటారు?

ఉప్పల్_అన్న

వద్దు చెల్లె. గట్టిగ చెప్తున్న, వద్దు. పైసలు మిగుల్తయని స్కూటర్ తీసుకుంటే ఒక్క దెబ్బకి ట్రిప్ ఖర్చు మొత్తం దవాఖానకు పోతది.

మొదలు లైసెన్స్ సంగతి. మన ఇండియా లైసెన్స్ ఒక్కటే చూపిస్తె నడవదు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలె, అది ఆర్టీఏ ఆఫీసుల తీసుకోవాలె, దాంట్ల టూ వీలర్ కూడ ఉండాలె. కార్ లైసెన్స్ మీద తీసుకున్న పర్మిట్ బండికి పనికిరాదు. పోలీసోళ్ళు చెకింగ్ పెడ్తరు, ఫైన్ కట్టి పోవచ్చు అనుకుంటరు జనం, కానీ అసలు ముచ్చట ఫైన్ కాదు, సరైన లైసెన్స్ లేకుండ యాక్సిడెంట్ అయితే మన ట్రావెల్ ఇన్సూరెన్సోడు రూపాయి ఇయ్యడు. అక్కడ ప్రైవేట్ హాస్పిటల్ బిల్లు ఎట్లుంటదో చెప్పనవసరం లేదు. ఇంకోటి, చాన షాపులోళ్ళు బండి ఇయ్యడానికి పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకుంటమంటరు, పాస్‌పోర్ట్ ఎవ్వరికీ ఇయ్యొద్దు. చిన్న గీత పడ్డా వాళ్ళు అడిగినంత ఇచ్చి విడిపించుకోవాల్సి వస్తది.

రోడ్లు కూడ చూడు. పటాంగ్ నుంచి ఊర్లెకు పొయ్యే గుట్ట ఏటవాలు, వానకు జారుతది, మీరు పొయ్యేది అక్టోబర్ల, వాన ఎప్పుడు పడ్తదో తెల్వదు. మీదికెళ్ళి ఒక బండి మీద ముగ్గురు ఎక్కాలె, మీతోటి పెద్దమనిషి కూడ ఉన్నది. యాక్టివా మీద కూకట్‌పల్లి మార్కెట్‌కు పొయ్యేది వేరే, ఇది వేరే.

దానికి బదులు ఇట్ల జెయ్యి. గ్రాబ్, బోల్ట్ రెండు యాప్‌లు ఇక్కడ హైదరాబాద్‌ల ఉన్నప్పుడే వేసుకోండ్రి, ఓటీపీ మన నంబర్‌కు వస్తది, అక్కడికి పొయ్యినంక సిమ్ మార్చితే తిప్పలు. రెండిట్ల రేటు చూసి తక్కువున్నది పిలువుండ్రి, ఒకే దూరానికి తేడా ఉంటది. ఐదుగురు కాబట్టి ఆరు సీట్ల బండి అని చూసి ఎంచుకోవాలె, చిన్న కార్ల నలుగుర్నే ఎక్కించుకుంటరు.

పగటి పూట ఫుకెట్ టౌన్‌కు పోవాలంటే సాంగ్‌తేవ్ ఎక్కుండ్రి. లారీ లాంటి బండి, ఎనక రెండు పక్కల బెంచీలు, నీలం రంగుల ఉంటది. ముప్ఫై నలభై యాభై బాత్, దూరాన్ని బట్టి. టౌన్‌ల రనాంగ్ రోడ్డు మార్కెట్ దగ్గర్నుంచి అన్ని బీచ్‌లకు పోతయి. కానీ గుర్తుపెట్టుకోవాల్సిందేందంటే అవి బీచ్ నుంచి టౌన్‌కు, టౌన్ నుంచి బీచ్‌కే, ఒక బీచ్ నుంచి ఇంకో బీచ్‌కు పోవు. సాయంత్రం తొందరగ బంద్ అయితయి, ఎక్కేటప్పుడే ఆఖరి బండి ఎన్నింటికో అడుగుండ్రి. బీచ్ నుంచి బీచ్‌కు అయితే స్మార్ట్ బస్సే.

దీవుల టూర్ పొయ్యే రోజు హోటల్ పికప్, లంచ్ రెండూ ఉన్న ప్యాకేజ్ తీసుకుంటె ఆ రోజు బండి ఖర్చు, మధ్యాహ్నం తిండి ఖర్చు రెండూ తప్పుతయి. వెజ్ అని ముందే రాయించుండ్రి. ఫీఫీ పార్క్ ఫీజు పెద్దలకు 400 బాత్, పిల్లలకు 200, అది చాన టూర్లల్ల కలపరు, బుక్ చేసే ముందే అడుగు. వాన గాలి ఎక్కువుంటే బోట్లు క్యాన్సిల్ చేస్తరు, పైసలు వాపస్ ఇస్తరో లేదో అది కూడ అడుగు. బీచ్‌ల ఎర్ర జెండా ఉంటే పిల్లల్ని మోకాలు లోతు కూడ దిగనియ్యొద్దు, ఆ నెలల లోపలికి గుంజే అలలుంటయి. అందుకే స్విమ్మింగ్ పూల్ ఉన్న హోటల్ చూసుకో, పిల్లలు ఊకె కూసోరు కదా.

సైనిక్‌పురి_టీచర్

అందరూ మంచి మాటలే చెప్పారు, కానీ పూటపూటా వండుకోవడం గురించి నా అభిప్రాయం వేరు. తంగేడు గారూ, వంట చేసేది ఎవరు? మీరే కదా. సెలవుకి వెళ్ళి అక్కడా పొద్దున లేవగానే పొయ్యి దగ్గరే నిలబడితే అది ఎవరి సెలవు? డబ్బు లెక్క చూసినా, థాయ్‌లాండ్‌లో మామూలు తిండి అంత ఖరీదు కాదు. టూరిస్టుల రెస్టారెంట్లూ, ఇండియన్ రెస్టారెంట్లూ ఖరీదు, అక్కడ ఒక్క పప్పు కూరే రెండొందల బాత్ పైన ఉంటుంది. కానీ మాల్ ఫుడ్ కోర్టులో, మార్కెట్ దగ్గర బండ్ల మీద ఒక ప్లేటు అన్నం కూర అరవై నుంచి వంద బాత్‌కి వచ్చేస్తుంది. మీ ఆయనకి, పెద్దమ్మాయికి మీరు కూరలు కొని, నూనె కొని, గిన్నెలు కడిగేకన్నా అదే చవక పడుతుంది. అత్తగారికి, చిన్నబాబుకి మాత్రం రూమ్‌లో కుక్కర్ పెట్టండి, ఒక పూట వండితే రెండు పూటలకి వస్తుంది.

ఇంకో సంగతి చెప్తాను, ఇది మీ డేట్లకి బాగా కుదిరేలా ఉంది. ఫుకెట్‌లో ఏటా తొమ్మిది రోజుల వెజిటేరియన్ ఫెస్టివల్ జరుగుతుంది, చైనా పంచాంగంలో తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు. మన దేవీ నవరాత్రులు కూడా అమావాస్య మర్నాడు మొదలవుతాయి కదా, అందుకని చాలా ఏళ్ళు రెండూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి, కొన్నేళ్ళు మాత్రం నెల తేడా వస్తుంది, మీ ఏడాది తేదీ చూసుకోండి. కలిసొస్తే అత్తగారి అదృష్టమే. ఆ రోజుల్లో ఊరంతా పసుపు జెండాలు కడతారు, వాటి మీద ఎర్రటి అక్షరాలు చూడ్డానికి 17 అంకెలా ఉంటాయి. ఆ గుర్తున్న చోట మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు! మీ అత్తగారి నియమానికి ఇంతకన్నా దగ్గరగా ఉండే తిండి బయటి దేశంలో ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. టౌన్‌లో రనాంగ్ రోడ్డులో జుయ్ తుయ్ గుడి ఉంది, ఆ వీధి పొడవునా బండ్లే, కొంచెం కొంచెం కొనుక్కుని తినొచ్చు, చవక. ఉప్పల్ అన్న చెప్పిన సాంగ్‌తేవ్ ఆగేది కూడా ఆ రోడ్డులోనే, కాబట్టి టాక్సీ అక్కర్లేదు. ఒకటి మాత్రం హెచ్చరిక, పొద్దున పూట ఊరేగింపుల్లో బుగ్గలకి శూలాలు గుచ్చుకుని నడుస్తారు, టపాకాయలు విపరీతంగా కాలుస్తారు, చిన్నపిల్లలు భయపడతారు. మీరు మధ్యాహ్నం, సాయంత్రం వెళ్ళండి.

పండగ రోజులు కాకపోయినా ఆ 17 లాంటి గుర్తున్న చిన్న హోటళ్ళు ఏడాది పొడవునా అక్కడక్కడా ఉంటాయి. అది లేనిచోట వెజ్ అని చెప్పినా చేపల సాస్, ఆయిస్టర్ సాస్ వేసేస్తారు, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు. ఫోన్‌లో థాయ్ భాషలో రాసిన ఒక చిన్న నోట్ పెట్టుకుని చూపించండి, మాటలతో తేలదు.

పచ్చళ్ళ_డబ్బా

టీచర్ గారు అన్నది నేనూ ఒప్పుకుంటాను, పూట పూటా వండమని నా ఉద్దేశం కాదు. రాత్రి పూట వర్షంలో పిల్లలకి ఆకలేసి బయటికి వెళ్ళలేనప్పుడు అన్నం, పెరుగు, పచ్చడి రూమ్‌లో ఉంటే ఆ ధైర్యం వేరు, అంతే. అప్పుడే కదా ఆకలికి తట్టుకోలేక ఏదో ఖరీదైన చోటుకి పరిగెత్తేది.

బోండాం

డబ్బు మార్చుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు. అక్కడ ఏటీఎంలో బయటి దేశం కార్డు పెడితే ఒక్కసారికి రెండొందల బాత్ పైనే వాళ్ళ ఫీజు, దాని మీద మన బ్యాంక్ ఛార్జీ వేరే. కొంచెం కొంచెం తీస్తే ఆ ఫీజులతోనే ఒక పూట భోజనం డబ్బు పోతుంది. తీస్తే ఒకేసారి ఎక్కువ తీయండి, లేదా ఇక్కడే బషీర్‌బాగ్, అబిడ్స్ వైపు నాలుగు షాపుల్లో రేటు కనుక్కుని బాత్‌లు మార్చుకోండి, ఎయిర్‌పోర్ట్ లోపల మార్చకండి. ఏటీఎం గానీ షాపులో మిషన్ గానీ రూపాయల్లో తీసుకోమంటారా, బాత్‌లలోనా అని అడిగితే ఎప్పుడూ బాత్ నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ళకి ఇష్టమొచ్చిన రేటు వేస్తారు. సాంగ్‌తేవ్, మార్కెట్, నీళ్ళ మిషన్ అన్నీ చిల్లరతోనే నడుస్తాయి కాబట్టి నాణేలు, ఇరవై నోట్లు దాచుకోండి.

ఇంకోటి, థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డ్ 2025 మే నుంచి తప్పనిసరి, దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, ఐదుగురికీ. అది పూర్తిగా ఫ్రీ. గూగుల్‌లో వెతికితే డబ్బులు కట్టమనే సైట్లు పైన కనపడతాయి, వాటికి కట్టకండి, ఇమ్మిగ్రేషన్ వాళ్ళ అసలు సైట్‌లోనే నింపండి.

మన వైపు ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కి పుష్పక్ బస్సులున్నాయి, పగలు ఫ్లైట్ అయితే హాయిగా వెళ్ళొచ్చు, కానీ ఐదుగురి టికెట్లు కలిపితే క్యాబ్‌కి దగ్గరగా వస్తుందేమో చూసుకోండి, నిజాంపేట్ నాన్న గారు చెప్పిన ఐదుతో గుణించే లెక్క ఇక్కడా వర్తిస్తుంది.

తంగేడు_పువ్వు

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రాత్రి మా ఆయనా నేనూ కూర్చుని మొత్తం మళ్ళీ చదివాం. స్కూటర్ ఆలోచన తీసేశాం, ఉప్పల్ అన్న చెప్పిన ఇన్సూరెన్స్ మాట విన్నాక ఆయన ఇంకేం మాట్లాడలేదు. పటాంగ్‌లో బన్‌జాన్ మార్కెట్‌కి నడిచిపోయేంత దూరంలో పూల్, పొయ్యి రెండూ ఉన్న సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ ఒకటి దొరికింది, కొండ మీది దానికన్నా రాత్రికి పన్నెండొందల రూపాయలు ఎక్కువ, అయినా నాలుగు ట్రిప్పుల లెక్క వేస్తే ఇదే నయం. అత్తమ్మకి ఆ పసుపు జెండాల సంగతి చెప్పా, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరంటే ముందు నమ్మలేదు, తర్వాత ఆ గుడి ఫోటో చూపించమని అడిగింది. ఇన్నాళ్ళూ నేనెందుకురా అంతదూరం అన్న మనిషి పొద్దున్నుంచి మాగాయ ఏ సీసాలో పెట్టాలా అని చూస్తోంది.

ఒక్క డౌట్ మిగిలింది. మా చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ మూడు పిన్నులది, అక్కడ పెట్టొచ్చా, ఓల్టేజీ అదేనా?

పచ్చళ్ళ_డబ్బా

ఓల్టేజీ ఇంచుమించు మనదే, కుక్కర్‌కి ఏం కాదు. కానీ మన లావు మూడు పిన్నుల ప్లగ్ అక్కడి సాకెట్‌లో పట్టదు, అడాప్టర్ ఉండాలి. కోఠీలో ఎలక్ట్రికల్ షాపుల్లో అడగండి, ఫోన్ ఛార్జర్లకి ఇచ్చే పల్చటిది కాకుండా కుక్కర్ లోడ్ తట్టుకునేది అని చెప్పి కొనండి. దాంతో పాటు మన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి పెట్టుకుంటే ఒక్క అడాప్టర్‌తో ఇంటిల్లిపాది ఫోన్ల ఛార్జింగ్ అయిపోతుంది, కుక్కర్ పెట్టినప్పుడు మాత్రం మిగతావి తీసేయండి. అపార్ట్‌మెంట్ వాళ్ళకి మెసేజ్ పెట్టి సొంత కుక్కర్ వాడుకోవచ్చా అని ముందే అడగండి, కొన్నిచోట్ల వాళ్ళ దగ్గరే రైస్ కుక్కర్ ఉంటుంది, అడిగితే ఇస్తారు, మీకు లగేజీలో రెండు కిలోలు మిగులుతాయి.

ఉప్పల్_అన్న

పవర్ బ్యాంక్ చెకిన్ల పెట్టకుండ్రి, చేతి బ్యాగులనే పెట్టుండ్రి. బుకింగ్‌ల పూల్ ఎన్నింటి దాక తెరిచి ఉంటదో కూడ అడుగు చెల్లె, కొన్నిచోట్ల సాయంత్రమే మూసేస్తరు.

తంగేడు_పువ్వు

సరే అన్నా, ఇప్పుడే రెండూ అడుగుతూ మెసేజ్ పెట్టా.